కూర్చుని నడిపే బుల్లి రైళ్లు, వాటిని నడిపేవాళ్లు: ఫోటోలు తీసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బుల్లి రైళ్ల ట్రాక్ దగ్గరికి కెమెరాతో కొత్తగా వెళ్లేవాళ్లు పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒక చోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. ఒక్కటే చదివే ఓపిక ఉంటే మాత్రం "మనిషి మరీ పెద్దగా కనిపిస్తున్నాడు" అన్న ప్రశ్న చదవండి, మిగతావాటిలో సగం దాని చుట్టూ తిరిగేవే.

అసలు ఏ రైళ్ల గురించి మాట్లాడుతున్నాం? పార్కుల్లో పిల్లలు ఎక్కేదేనా?

కొన్నిసార్లు అదే, చాలాసార్లు కాదు. ఇక్కడ చెప్పేది సరదా కోసం సొంతంగా తయారుచేసుకున్న, లేదా తయారైంది కొనుక్కున్న, మనిషి పైన కూర్చుని నడపగలిగే ఇంజన్ల గురించి. బొగ్గు మండాలి, నీళ్లు కాగాలి, ఆవిరి పిస్టన్‌ని తోయాలి, అసలు ఇంజన్లో జరిగేదంతా ఇందులోనూ జరుగుతుంది, కాకపోతే ఇంజన్ మీ మోకాలి దాకా కూడా రాదు. బ్యాటరీతో, పెట్రోలుతో నడిచేవీ ఉంటాయి.

రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజ్ అంటారు కదా, ఎక్కువగా కనిపించేవి 3½, 5, 7¼ అంగుళాలు. అమెరికాలో చాలా చోట్ల 7½ వాడతారు, ఆ పావు అంగుళం తేడా వల్ల ఒకరి ఇంజన్ ఇంకొకరి పట్టాల మీద నడవదు, ఈ గొడవ గురించి కదిలిస్తే సాయంత్రం దాకా మాట్లాడేవాళ్లున్నారు. 3½, 5 అంగుళాలవాటికి, ఈ సరదా ఉన్నవాళ్లు కలిసి నడుపుకునే క్లబ్బుల్లో చాలాచోట్ల పట్టాలు నేల నుంచి ఎత్తుగా కడతారు, జనం రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చుంటారు. 7¼ సాధారణంగా నేల మీదే. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, కెమెరా ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది.

15 అంగుళాల గేజ్, అంటే 381 మిల్లీమీటర్ల దాకా వెళ్తే కథ మారిపోతుంది. ఇంగ్లండ్‌లో 1927లో మొదలైన రామ్నీ, హైథ్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే ఆ గేజే. అక్కడ డ్రైవర్ ఇంజన్ లోపలే కూర్చోగలడు, రైళ్లు టైంటేబుల్ ప్రకారం నడుస్తాయి, మామూలు రైలుని తీసినట్టే తీసుకోవచ్చు. మన తంటా అంతా మనిషి లోపల పట్టని ఇంజన్లతోనే.

ఎప్పుడు వెళ్లాలి?

జనం వచ్చే టైముకి కాదు, అంతకంటే ఒకటి రెండు గంటల ముందు. క్లబ్బులు రైళ్లు నడిపే రోజున ఇంజన్ల వాళ్లు పొద్దున్నే వచ్చి ఆవిరి పట్టిస్తారు. చల్లగా ఉన్న బాయిలర్ నిప్పు పెట్టెలో ముందు కిరోసిన్‌లో నానబెట్టిన బొగ్గులో కట్టెముక్కలో వేసి, పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాన్ బోర్లించి గాలి లాగిస్తారు, ప్రెషర్ కొంచెం లేవగానే ఆ ఫ్యాన్ తీసేసి ఇంజన్ సొంత ఆవిరితోనే గాలి లాగడం మొదలుపెడతారు. ఇదంతా అరగంటో ముప్పావుగంటో పడుతుంది. ఆ సేపు మనిషి ఇంజన్ ముందు వంగో కూర్చునో ఉంటాడు, చేతిలో నూనె డబ్బా ఉంటుంది, పక్కవాడితో కబుర్లు నడుస్తుంటాయి, ఎండ ఇంకా ఏటవాలుగా ఉంటుంది. ఫోటోలకి ఇంతకంటే మంచి టైము రోజంతా దొరకదు.

రెండో మంచి టైము చివర్లో. జనం వెళ్లిపోయాక నిప్పు దులిపి, బూడిద తీసి, కొందరు బాయిలర్‌లో మిగిలిన వేడి నీటిని ఒక వాల్వ్ తెరిచి ఒక్కసారిగా బయటికి వదిలేస్తారు. ఇంజన్ పక్కనుంచి తెల్లటి మేఘం భుస్సుమని నేలంతా పరుచుకుంటుంది. వెలుతురు దాని వెనక నుంచి పడేలా నిలబడ్డారంటే ఆ రోజుకి అదే బెస్ట్ ఫోటో అయినా ఆశ్చర్యం లేదు. వదిలే ముందు ఎటువైపు వస్తుందో అడిగి రెండోవైపుకి వెళ్లండి, అది మరుగుతున్న నీళ్లు.

పర్మిషన్ అడగాలా? పబ్లిక్ వచ్చే చోటే కదా?

అడగండి. చట్టం ఏమంటుందన్నది పక్కన పెట్టినా, అడిగినవాడికి తాడు కట్టిన గీత అవతలికి, ఇంజన్లు సిద్ధం చేసే చోటికి, షెడ్డులోకి దారి దొరుకుతుంది. అడగనివాడు ప్లాట్‌ఫాం చివర జనంలోంచి జూమ్ చేసుకుంటూ ఉండిపోతాడు. ఆ రోజు ట్రాక్ బాధ్యత ఎవరిదో కనుక్కుని ఆయనతో ఒక్క మాట చెప్తే చాలు.

ఏ కెమెరా కావాలి? ఫోన్ సరిపోతుందా?

నిలబడి ఉన్న ఇంజన్‌కి, మనుషులకి ఫోన్ బాగానే సరిపోతుంది, ఒక్కోసారి కెమెరా కంటే మేలు కూడా, ఎందుకంటే నేలకి ఆనించి తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ పట్టాల ఎత్తుకి వచ్చేస్తుంది, ఆ ఎత్తుకి పెద్ద కెమెరాని దించాలంటే మీరు బోర్లా పడుకోవాలి. కదిలే రైలుకి మాత్రం ఫోన్‌తో కొంచెం చిరాకు. వరసగా చాలా ఫోటోలు తీసే బరస్ట్ పెట్టి, వైడ్ లెన్స్ వదిలేసి 2ఎక్స్‌కి మారండి. వైడ్‌తో మరీ దగ్గర్నుంచి తీస్తే ఇంజన్ మూతి ఉబ్బిపోయి వెనక డ్రైవర్ బొమ్మలా కుంచించుకుపోతాడు.

కెమెరా ఉంటే 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి, 70-200 లాంటి జూమ్ ఒకటి చాలు. స్క్రీన్ మడతపెట్టే కెమెరా అయితే మీ మోకాళ్లు మీకు రుణపడి ఉంటాయి.

ఎంత ఎత్తు నుంచి తీయాలి?

కొత్తవాళ్లు తీసిన ఫోటో ఏదైనా చూడండి, నిలబడి కిందికి చూస్తూ తీసి ఉంటారు. అందులో ఇంజన్ బొమ్మలాగే ఉంటుంది, దాని వెనక గడ్డి తప్ప ఏమీ కనిపించదు, డ్రైవర్ ముఖం టోపీ కింద చీకట్లో ఉంటుంది.

చిన్న లెక్క ఒకటి. 7¼ గేజ్ ఇంజన్లు ఎక్కువగా అసలు సైజులో ఎనిమిదో వంతుకి దగ్గరగా చేస్తారు. ప్లాట్‌ఫాం లేకుండా పట్టాల పక్కన నేల మీద నిలబడ్డ మనిషి కళ్లు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయనుకుంటే, దానికి ఎనిమిదో వంతు 20 సెంటీమీటర్లు. లెన్స్ నేల నుంచి ఒక జానెడు ఎత్తులో పెట్టి చూడండి, ఇంజన్ ఒక్కసారిగా నిజం రైలైపోతుంది. పొగగొట్టం ఆకాశంలోకి లేస్తుంది, ముందున్న బఫర్లు మీద మీదకి వస్తున్నట్టుంటాయి. ఎత్తుగా కట్టిన ట్రాక్ అయితే మోకాళ్ల మీద కూర్చుంటే అదే పని జరిగిపోతుంది.

అలా తీస్తే ఇంజన్ బాగుంది గానీ మనిషి మరీ పెద్దగా కనిపిస్తున్నాడు. రాక్షసుడు సైకిల్ తొక్కుతున్నట్టుంది. ఎలా దాచాలి?

దాచకండి.

ఫోటో తీసేవాళ్లలో రెండు రకాలు. ఒకరు మనిషిని ఎలాగైనా ఫ్రేములోంచి తప్పించి "నిజం రైలేనా!" అనిపించాలనుకుంటారు. సరదాగా అప్పుడప్పుడు అదీ చేయండి, టెలి లెన్స్ పెట్టి ముందునుంచి తీస్తే పొగ వెనక డ్రైవర్ సగం కనుమరుగవుతాడు. కానీ అసలు రైలులా కనిపించే ఫోటో కావాలంటే అసలు రైళ్లే ఉన్నాయి కదా. ఇక్కడ మాత్రమే దొరికేది ఏమిటంటే, నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన మోకాళ్లు చెవుల దాకా మడుచుకుని, తను పదేళ్లు రాత్రిళ్లు కూర్చుని చేసిన యంత్రం మీద, ఎక్స్‌ప్రెస్ నడుపుతున్నంత సీరియస్‌గా ముందుకి చూడడం. ఆ సైజు తేడానే ఫోటో. ఆయన్ని కత్తిరించేస్తే మిగిలేది షోకేసు బొమ్మ.

వాల్ట్ డిస్నీ ఫోటోలు చూసే ఉంటారు. 1950 నుంచి 1953 దాకా లాస్ ఏంజిలిస్‌లో ఆయన ఇంటి పెరట్లో 7¼ అంగుళాల గేజ్ రైలు నడిచేది, కారోల్‌వుడ్ పసిఫిక్ అని పేరు, ఇంజన్‌కి భార్య లిలియన్ పేరు మీద లిల్లీ బెల్ అని పెట్టుకున్నాడు. ఆ ఫోటోల్లో ఇంజన్ ఎంత అందంగా ఉన్నా మన కన్ను ఆగేది సూటూ బూటూ వదిలేసి టోపీ పెట్టుకుని పిల్లాడిలా వెనక కూర్చున్న ఆ మనిషి దగ్గరే.

ఇక పద్ధతి. పక్కనుంచి కాకుండా ముందు మూల నుంచి, ఇంజన్ పొడవు, మనిషి ముఖం రెండూ కనిపించే కోణంలో నిలబడండి. లెన్స్ ఎత్తు పట్టాలకీ ఆయన ఛాతీకీ మధ్యలో ఎక్కడో ఉంచండి, పూర్తిగా నేలకి దిగితే మోకాళ్లు ముఖానికి అడ్డొస్తాయి. ఫోకస్ ముఖం మీదే, అది తప్పితే ఇంజన్ ఎంత షార్ప్‌గా వచ్చినా లాభం లేదు. కానీ పొగగొట్టానికీ ఆయన ముఖానికీ మధ్య మీటరున్నర దాకా దూరం ఉంటుంది, అందుకే లెన్స్ బాగా తెరిచి ఎఫ్/2.8 పెట్టి మురిసిపోకండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 50 లెన్స్‌తో 3 మీటర్ల నుంచి ఎఫ్/8 పెడితే దాదాపు 1.8 మీటర్ల లోతు షార్ప్‌గా వస్తుంది, ముఖంతో పాటు ఇంజన్‌లో చాలా భాగం దొరుకుతుంది. అదే మీటరున్నర దగ్గరికి వెళ్లి ఎఫ్/2.8 పెడితే దొరికేది 15 సెంటీమీటర్లు.

షట్టర్ స్పీడ్ ఎంత పెట్టాలి? రైలు నెమ్మదిగానే పోతుంది కదా?

రైలు నెమ్మదే, చక్రాలు నెమ్మది కాదు. ఇది చాలామందికి తట్టదు. 15 సెంటీమీటర్ల చక్రాలున్న ఇంజన్ గంటకి 8 కిలోమీటర్లు పోతోందనుకోండి, ఆ చక్రం సెకనుకి దగ్గరదగ్గర 4.7 సార్లు తిరుగుతుంది. 1.8 మీటర్ల చక్రాలున్న అసలు ఇంజన్ అంత జోరుగా తిప్పాలంటే గంటకి 95 కిలోమీటర్ల మీద పోవాలి. అంటే మీరు నడిచి అందుకోగలిగే రైలులో చక్రాలని కలిపే కడ్డీలు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పీడులో ఆడుతున్నాయి.

1/500 పెడితే ఆ చక్రం మూడు నాలుగు డిగ్రీలే కదులుతుంది, అంతా రాయిలా ఆగిపోయి ఇంజన్ నిలబడి ఉన్నట్టు వస్తుంది. చాలామంది ఇదే తీసి "ఏదో లోపించింది" అనుకుంటారు. 1/125 దగ్గర చక్రాలకి కొంచెం కదలిక వస్తుంది, ముఖం షార్ప్‌గానే ఉంటుంది, అనుమానంగా ఉంటే ఇక్కడ మొదలుపెట్టండి.

మరి ప్యానింగ్, అంటే రైలుతో పాటు కెమెరా తిప్పుతూ తీయడం?

1/30కి రండి. చక్రం 57 డిగ్రీల దాకా తిరిగేస్తుంది, వెనక చెట్లు గీతలైపోతాయి. పాదాలు రైలు మీ ఎదురుగా వచ్చే చోటుకి తిప్పి నిలబడి, నడుము పైభాగం మాత్రం రైలు వచ్చే వైపుకి తిప్పి అక్కణ్ణుంచి వెంటాడుతూ రండి, నొక్కాక కూడా ఆపొద్దు. బుల్లి రైళ్లతో ఒక ఇబ్బంది ఉంది, డ్రైవర్ శరీరం బండితో పాటు ఊగుతుంది, పట్టాల అతుకుల దగ్గర తల ఎగురుతుంది. అందుకని ఇంజన్ షార్ప్‌గా వచ్చి ముఖం చెదిరిపోతుంది. పట్టాలు నున్నగా ఉన్న చోటు ఏదో క్లబ్ వాళ్లనే అడగండి, వాళ్లకి ప్రతి అతుకూ తెలుసు, ఆ అతుకులు ఎవరు వేశారో కూడా చెప్తారు.

ఆవిరి ఫోటోలో కనిపించట్లేదు. నా కెమెరా లోపమా?

కాదు, వాతావరణం. ఆవిరి నిజానికి కంటికి కనిపించదు, సేఫ్టీ వాల్వ్ లేచినప్పుడు దాని మూతి దగ్గర చూడండి, మొదటి కొంత దూరం ఖాళీగా ఉంటుంది, ఆ పైన తెల్లగా మొదలవుతుంది. మనం చూసే తెలుపు చల్లబడి నీటి తుంపరగా మారింది. ఎండగా, పొడిగా ఉన్న రోజు ఆ తుంపర పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చలిగా, తేమగా ఉన్న పొద్దున పూట తోకలా సాగి రైలంత పొడవు పరుచుకుంటుంది. వాన వెలిసిన వెంటనే అయితే పండగే.

రోజు మన చేతిలో లేదు కాబట్టి చోటు మార్చుకోండి. సూర్యుడు ఆవిరి వెనక ఉండాలి, దాని వెనక నీడగా ఉన్న చెట్లు ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు తెల్లటి ఆవిరి ఎంత వచ్చినా దండగే. ఇంకొకటి, ఇంజన్ ఆగి బయల్దేరే క్షణం. నిలబడినంతసేపు సిలిండర్లలో నీరు చేరుతుంది, దాన్ని పోగొట్టడానికి డ్రైవర్ సిలిండర్ల కింద ఉండే కుళాయిల్లాంటి చిన్న కాక్‌లు తెరిచి ఇంజన్ కదుపుతాడు, ముందు చక్రాల దగ్గర రెండు వైపులా బుస్ బుస్ మని తెల్లగా కొడుతుంది. నాలుగైదు చక్రాల తిరుగుడులో అయిపోతుంది. స్టేషన్లో ఆయన చెయ్యి ఆ లీవర్ మీదకి పోవడం చూస్తూ ఉండండి.

ఇంజన్ నల్లగా మొద్దులా వస్తోంది, లేదంటే ఆవిరి తెల్లగా కాలిపోతోంది.

నల్ల ఇంజన్ ఫ్రేము నిండా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఆవిరి పోతుంది. జేపెగ్ కాకుండా, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫైల్‌లో తీయండి, ఆవిరిలో వివరం మిగిలేలా ఎక్స్‌పోజర్ తగ్గించండి, నీడల్ని తర్వాత లేపుకోవచ్చు. పోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు. మెరిసే పెయింటు మీద ఆకాశం పడి రంగు చచ్చిపోతుంటే ఆ మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టండి, ఇత్తడి, రాగి భాగాల మెరుపు మాత్రం దానితో పోదు, పోకపోవడమే మంచిది.

బ్యాటరీ, పెట్రోల్ ఇంజన్లు తీయడం దండగ కదా?

ఈ మాట ట్రాక్ దగ్గర గట్టిగా అనకండి. ఆవిరి లేకపోవచ్చు గానీ ఒక పొద్దంతా జనాన్ని మోసేది చాలా క్లబ్బుల్లో అవే. వాటి డ్రైవర్లకి నిప్పు చూసుకునే పని లేదు కాబట్టి తల ఎత్తి ఉంటారు, నవ్వుతారు, చెయ్యి ఊపుతారు, ముఖాలు తీయడానికి అవే సులువు. ఒక జాగ్రత్త: వాటి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. చప్పుడు లేని సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెడితే ఫోటోలో చారలు రావచ్చు, లైటు ఆరిపోయినట్టు కూడా రావచ్చు. మెకానికల్ షట్టర్‌కి మారండి. ఆవిరి ఇంజన్లకీ అదే సలహా, సైలెంట్ షట్టర్‌లో వేగంగా ఆడే కడ్డీలు వంకరపోతాయి, చక్రాలు కోడిగుడ్లవుతాయి.

ఎక్కడ నిలబడితే ప్రమాదం లేదు?

చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ల కోసం: ఇంజన్, డ్రైవర్, నాలుగు బోగీల నిండా జనం కలిస్తే వందల కిలోల బరువు, బ్రేకు వేసిన వెంటనే ఆగదు. మలుపులో బయటివైపు పట్టాల దగ్గరగా కూర్చోవద్దు, బండి పడితే అటే పడుతుంది. లోపలివైపు నుంచే కోణం కూడా బాగుంటుంది, రైలంతా వంపు తిరిగి కనిపిస్తుంది. బండి వెడల్పు చూసి దూరం అంచనా వేయకండి, జనం మోకాళ్లు, మోచేతులు, పిల్లల కాళ్లు ఇంకా బయటికి వస్తాయి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడవడం అసలు వద్దు, వెనక ఇంకో లైను ఉండవచ్చు, బ్యాటరీ రైలు చప్పుడు చేయకుండా వస్తుంది. మెడలో వేలాడే స్ట్రాప్ లోపలికి దోపుకోండి.

ఆవిరితో ఆటలు లేవు. డిస్నీ పెరటి రైలు మూతపడింది కూడా 1953లో జరిగిన ఒక ప్రమాదం వల్లే, ఇంజన్ పడిపోయి ఒక చిన్న పాపకి ఆవిరి తగిలి కాలింది.

డ్రైవర్‌ని పిలిస్తే పలకట్లేదు, చూడట్లేదు. పొగరా?

పొగరు కాదు, నీళ్లు. ఇంజన్ వెనకవైపు పెన్సిల్ కంటే సన్నటి గాజు గొట్టం ఒకటి ఉంటుంది, బాయిలర్‌లో నీటి మట్టం అందులో కనిపిస్తుంది. ఇంత చిన్న బాయిలర్‌లో ఆ మట్టం చూస్తూ చూస్తూ ఉండగానే పడిపోతుంది, అది అడుగంటితే నిప్పు పెట్టె పైకప్పు కాలిపోతుంది. అది చూడాలి, ప్రెషర్ చూడాలి, చెంచాడంత పారతో బొగ్గు వేయాలి, ఎదర సిగ్నల్ చూడాలి, వెనక పిల్లలు లేచి నిలబడ్డారేమో చూడాలి. మీ కోసం నవ్వే తీరిక ఉండదు. పిలవకండి, ఆయన గాజు గొట్టంలోకి వంగి చూసే ఆ చూపే తీయండి, నవ్వు కంటే వంద రెట్లు బాగుంటుంది.

మనుషుల్ని తీయాలంటే బెరుకు. ఎలా మొదలుపెట్టాలి?

ఇంజన్ గురించి అడగండి, ఆయన గురించి కాదు. "ఎన్నాళ్లు పట్టింది?" అన్న ఒక్క ప్రశ్న చాలు, కొందరికి పదేళ్లు, కొందరికి ఇరవై, కొందరిది నాన్న మొదలుపెట్టి వదిలేసింది. చెప్తూ చెప్తూ చేతులు ఆ భాగాల మీదికి వెళ్తాయి, అప్పుడు చేతులు తీయండి. గోళ్ల సందుల్లో నల్లటి నూనె, వేలు చివర కాలిన పాత మచ్చ, పిడికిట్లో నలిగిన గుడ్డముక్క, రెండు వేళ్ల మధ్య మినపగింజంత నట్టు. ముఖం తీయడానికి ఒప్పుకోని మనిషి కూడా చేతులు తీస్తానంటే ఒప్పుకుంటాడు, ఆ తర్వాత ముఖం కూడా తనే ఇస్తాడు.

కొంచెం తెలుసుకుని వెళ్తే మాట సాగుతుంది. బొగ్గుతో నడిచే చిన్న ఇంజన్ మనుషుల్ని లాగగలదా అని ఒకప్పుడు పెద్ద వాదన నడిచింది, 1924లో బ్రిటన్‌లో ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే ఒక మోడల్ ఇంజన్ల నిపుణుడు 2½ అంగుళాల గేజ్ ఇంజన్‌తో లాగించి చూపించాక అది సద్దుమణిగింది. బాయిలర్ టెస్టు గురించి అడిగినా ముఖం వెలిగిపోతుంది. బ్రిటన్ క్లబ్బుల్లో కొత్త బాయిలర్‌ని ముందు నీళ్లతో నింపి, నడిపే ప్రెషర్‌కి రెండింతలు పెట్టి చూస్తారు, అది తట్టుకున్నాకే నిప్పు.

కూర్చోబెట్టి, "ఇటు చూడండి" అని తీసే ఫోటోలు నాకు పెద్దగా నచ్చవు. కానీ కుటుంబం కోసం ఒకటి కావాలని ఆయనే అడిగితే చక్కగా తీసివ్వండి, గోడ మీదకి వెళ్లేది అదే.

నిలబడి ఉన్న ఇంజన్‌ని ఒక్కదాన్నే పద్ధతిగా తీయాలంటే?

ముందు మూల నుంచి, ఎండ ముందుకీ పక్కకీ రెండింటికీ పడేలా. చక్రాలని కలిపే కడ్డీలు పూర్తిగా కిందికి ఉన్న చోట ఇంజన్ ఆపమని అడగండి. పెద్ద రైళ్ల ఫోటోగ్రాఫర్లలో ఇది పాత అలవాటు, కడ్డీలు కిందికి ఉంటే చక్రాల ఆకులన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, ఇంజన్ నేలని పట్టుకుని నిలబడ్డట్టుంటుంది. మీరు ఈ మాట అడిగితే డ్రైవర్ మిమ్మల్ని ఒక్క క్షణం తేరిపార చూసి, అడుగు ముందుకి, అరడుగు వెనక్కి చేసి సరిగ్గా పెట్టిస్తాడు. వెనక కార్లు, ప్లాస్టిక్ కుర్చీలు, చెత్త డబ్బా లేకుండా చూసుకోండి.

పిల్లల్ని తీయొచ్చా?

ముఖం గుర్తుపట్టేలా తీసేటట్టయితే అమ్మానాన్నల్ని ముందే అడగాలి, ఎక్కడ పెడతారో కూడా చెప్పాలి. క్లబ్బుకి సొంత నియమం ఉంటే అదే ఫైనల్. వెనక నుంచి, వరసగా వేలాడే బుల్లి బూట్లు తీసినా సంగతి చెప్పేస్తుంది.

రైలెక్కి తీయొచ్చా?

డ్రైవర్ వెనక సీటు నుంచి, ఆయన భుజం మీదుగా పట్టాలు కనిపించేలా తీస్తే చాలా బాగుంటుంది. పక్కకి వంగొద్దు, బండి ఇరుకు, మీ బరువు ఒక పక్కకి పోతే పట్టాలు తప్పుతుంది. సెల్ఫీ కర్ర ఇంటి దగ్గరే.

డ్రోన్?

క్లబ్ ఒప్పుకోవాలి, మీ దేశం రూల్స్ ఒప్పుకోవాలి, జనం తలల మీద ఎగరేయకూడదు. ఇవన్నీ కుదిరినా పైనుంచి చూస్తే ఇవి నిజంగానే బొమ్మ రైళ్లు.

రాత్రి నడిపేటప్పుడు?

కొన్ని క్లబ్బులు చీకట్లో కూడా నడుపుతాయి. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి 1960 దాకా నార్‌ఫోక్ అండ్ వెస్ట్రన్ లైను మీద ఫ్లాష్ బల్బులు వరసగా కట్టి రాత్రి రైళ్లని తీశాడు, ఆవిరి తెల్లగా పేలుతున్నట్టుండే ఆ నలుపు తెలుపు ఫోటోలు ఒకసారి చూసి వెళ్లండి, లైటు ఎక్కడ పెట్టాలో అర్థమవుతుంది. మనకి అంత సామాను అక్కర్లేదు, బండి చిన్నది కాబట్టి రెండు చిన్న ఫ్లాష్‌లు చాలు. ఒకటి ఆవిరి వెనక పక్కగా, ఒకటి చక్రాల వైపు. రెండూ డ్రైవర్ కళ్లలోకి కొట్టకూడదు, ఏ చోట పేలుతుందో ఆయనకి ముందే చూపించాలి. ఫ్లాష్ వద్దంటే స్టేషన్లో ఆగినప్పుడు కాచుకోండి, నిప్పు తలుపు తెరిచి బొగ్గు వేసే రెండు సెకన్లు ఆయన చేతుల మీద, గడ్డం కింద ఎర్రటి వెలుగు పడుతుంది. ఐఎస్‌ఓ 3200 పైన, 1/60 దగ్గర ప్రయత్నించండి.

లెన్స్ మీద నల్లటి చుక్కలు పడుతున్నాయి.

బాయిలర్‌లో నీళ్లు ఎక్కువైతే పొగగొట్టంలోంచి మసి, నూనె కలిసిన నీళ్లు ఎగజిమ్ముతాయి. ముందు ఒక యూవీ ఫిల్టర్ పెట్టుకోండి. చొక్కా అంచుతో తుడవకండి, అందులో బూడిద రేణువులుంటాయి, ముందు ఊది తర్వాత తుడవాలి. తెల్ల చొక్కా వేసుకెళ్లినవాళ్లకి నా సానుభూతి.

ఫోటో కింద ఏం రాయాలి?

"క్యూట్ టాయ్ ట్రైన్" అని మాత్రం వద్దు. గేజ్, దేనితో నడుస్తుంది, అసలు ఏ ఇంజన్‌ని చూసి చేశారు, చక్రాల అమరిక, ఇవి చాలు. చక్రాల అమరిక రాయడానికి వైట్ పద్ధతి తేలిక, ముందు చిన్న చక్రాలు, మధ్యలో నడిపే చక్రాలు, వెనక చిన్న చక్రాలు లెక్కపెట్టి వరసగా రాయడమే, 4-6-2 అంటే పసిఫిక్ అని పిలిచే రకం. తయారుచేసిన మనిషి పేరు ఆయన ఒప్పుకుంటేనే. ఇంటి షెడ్డు ఎక్కడుందో తెలిసేలా లొకేషన్ అసలు పెట్టొద్దు, ఆ షెడ్డులో ఏళ్ల కష్టంతో పాటు ఖరీదైన లేత్‌లు కూడా ఉంటాయి.

క్లబ్ వాళ్లు ఫోటోలు అడుగుతున్నారు. ఫ్రీగా ఇచ్చేయాలా?

నా మటుకు నేను ఇచ్చేస్తాను, ఎవరు ఎవరి ఫోటో అడిగితే వాళ్లకి పెద్ద సైజు ఫైలే. ఈ మనుషుల దగ్గర ఇంజన్ ఫోటోలు వేలల్లో ఉంటాయి, తాము ఇంజన్ నడుపుతున్న ఫోటో ఒక్కటీ ఉండదు, నడిపేది తామే కదా మరి. క్లబ్ పోస్టర్‌కో క్యాలెండర్‌కో వాడుకుంటామంటే పేరు వేయమని అడగండి. ఎవరైనా అమ్ముకోవడానికి అడిగితే అది వేరే లెక్క, అప్పుడు రాతపూర్వకంగా మాట్లాడుకోండి, ఫోటోలో ఉన్న మనిషిని కూడా అడిగి. ఫైళ్లు పంపేటప్పుడు పదో పదిహేనో ఏరి పంపండి, కార్డులో ఉన్నవన్నీ కాదు.